కుటుంబంతో మిషన్ పని మీద మలావి వెళ్తున్నారా? పెట్టెలు సర్దే ముందు ఇది చదవండి

మా సంఘంలో వీడ్కోలు కూటం రోజున ఒక పెద్దాయన లేచి, "ప్రభువా, చీకటి ఖండానికి వెళ్తున్న ఈ బిడ్డలను కాపాడు" అని కన్నీళ్లతో ప్రార్థన చేశారు. మేం మలావి రాజధాని లిలాంగ్వేలో దిగింది మిట్ట మధ్యాహ్నం, కళ్లు బైర్లు కమ్మే ఎండ. మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన పాస్టర్ గారితో మాట కలిపితే తెలిసింది, వాళ్ల నాన్న కూడా పాస్టరే, తాత కూడా పాస్టరే. మా ఇంట్లో యేసు ప్రభువు పేరు తెలిసింది మా ముత్తాత కాలంలో. అంటే వాళ్లూ మేమూ ఒకే వయసు క్రైస్తవులం, చీకటీ లేదు, ఏమీ లేదు.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర నుంచి ఆఫ్రికాకు సేవకు వెళ్లేవాళ్లలో చాలామంది ఆ పెద్దాయన ప్రార్థననే బుర్రలో పెట్టుకుని విమానం ఎక్కుతారు. మలావిలో స్కాట్లాండ్ మిషనరీలు 1875లోనే మలావి సరస్సు ఒడ్డున కేప్ మెక్లియర్ దగ్గర మకాం పెట్టారు, మలేరియాతో చనిపోయినవాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాలు 1924లోనే ఒక్కటై సొంత సంఘంగా ఏర్పడ్డాయి. ఈరోజు దేశంలో ఎక్కువమంది క్రైస్తవులే. కాబట్టి మొట్టమొదట మీరు అడగాల్సిన ప్రశ్న, మనల్ని పిలిచింది ఎవరు, ఏ పనికి పిలిచారు అని. మా ఆయన్ని బైబిల్ స్కూల్లో పాఠం చెప్పడానికి అక్కడి సంఘమే అడిగింది, అందుకే వెళ్లాం. ఎవరూ పిలవకుండా "దర్శనం వచ్చింది" అని మాత్రమే వెళ్తుంటే, ముందు ఒకసారి ఒంటరిగా వెళ్లి నెల రోజులు ఉండి రండి, తర్వాత పిల్లల్ని తీసుకెళ్లే సంగతి ఆలోచిద్దురు గాని.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త కూడా కాదు. 1903లోనే నెల్లూరు నుంచి తెలుగు బాప్తిస్టు సంఘాలు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపాయి, కూలికి వెళ్లిన మనవాళ్ల మధ్య సేవ చేయడానికి. ఆయన ఓడలో వెళ్లారు. మనకు వాట్సాప్ ఉంది కాబట్టి కాస్త నయం అనుకోవాలి, నిజానికి వాట్సాప్ వల్ల వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి, వాటి దగ్గరకు తర్వాత వస్తాను.

కాగితాలు, డబ్బు

దీన్ని త్వరగా ముగించేస్తా. పాస్‌పోర్టుల గడువు చూసుకోండి, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే ఇస్తారు. డిగ్రీలు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన ధృవపత్రాలు అన్నిటికీ అపోస్టిల్ ముద్ర వేయించుకోండి, మన కాగితాలు వేరే దేశాల్లో చెల్లడానికి వేసే ముద్ర అది, మలావి కూడా ఆ ఒప్పందంలో ఉన్న దేశమే. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. మలావిలో ఆ జ్వరం బెడద లేకపోయినా దారిలో ఆడిస్ అబాబా, నైరోబి తగులుతాయి కదా, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు అడగొచ్చు. లేదంటే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకు ఉంది.

డబ్బు విషయంలో మన సంఘాలు చేసే పొరపాటు ఒకటుంది. ట్రస్టు ఖాతాలోంచి నేరుగా విదేశాలకు పంపేద్దాం అనుకుంటారు. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే ఎల్ఆర్ఎస్ వెసులుబాటు వ్యక్తులకే గాని ట్రస్టులకు కాదు, పైగా ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చు పెడితే పన్ను మినహాయింపు దగ్గర చిక్కు వస్తుంది. బయల్దేరే ముందే ఒక మంచి సీఏ దగ్గర మీరు, మీ సంఘ కోశాధికారి కలిసి కూర్చోండి. మీ సొంత బ్యాంకు ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్చుకోవడం మర్చిపోవద్దు. అక్కడి రూకలు క్వాచాలు. 2023 నవంబరులో వాటి విలువ తగ్గించేసరికి ఒక్కరోజులో డాలరు ధర క్వాచాల్లో 44 శాతం పెరిగింది, అంతకు ముందు ఏడాది మేలో 25 శాతం. కాబట్టి ఆరు నెలల ఇంటి అద్దె క్వాచాల్లో మార్చి దాచుకోవడం తెలివైన పని కాదు. రోజువారీ ఖర్చులకు ఎయిర్‌టెల్ మనీ లాంటివి కూరగాయల అవ్వ దగ్గర కూడా పనిచేస్తాయి.

ఇంకోటి, ఇది భార్యలకు. అక్కడ ఉండి పని చేసే పర్మిట్ ఆయన పేరు మీద వస్తుంది, సాధారణంగా మీరు "ఆధారపడినవారు" అవుతారు, జీతానికి పని చేయకూడదు. నేను నర్సుని. అక్కడి నర్సుల కౌన్సిల్లో రిజిస్టర్ కాకుండా ఒక్క సూది కూడా వేయకూడదని వెళ్లాకే తెలిసింది నాకు. పదకొండేళ్ల సర్వీసు ఉన్న మనిషిని, ఒక్కసారిగా ఖాళీ చేతులతో వాకిట్లో కూర్చున్నా. ఆయనకు పొద్దున్నే పని, పేరు, గౌరవం, నాకు గిన్నెలు. ఈ సంగతి ఇద్దరూ ఇక్కడ ఉండగానే మాట్లాడుకోండి, అక్కడ మాట్లాడుకుంటే అది మాట్లాడుకోవడంలా ఉండదు, పోట్లాటలా ఉంటుంది.

పెట్టెలో ఏం పెట్టాలి

స్వెటర్లు. నవ్వకండి. ఆఫ్రికా కదా అని నూలు బట్టలు నింపుకుని వెళ్లి, జూన్ నెలలో దెడ్జా దగ్గర పిల్లలకు దుప్పట్లు కప్పి బయటికి పంపిన ఇల్లు మాది. దెడ్జా లిలాంగ్వేకి దక్షిణంగా ఎత్తు మీద ఉంటుంది, అక్కడ జూన్, జూలైల్లో మన లంబసింగి చలి. వానలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అంటే క్రిస్మస్ వానలో వస్తుంది. ఎండలు మండేది సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మొదట్లో.

కుక్కర్ గ్యాస్కెట్లు రెండు, విజిల్ ఒకటి. ఇది నా ప్రత్యేక విన్నపం. కుక్కర్ దొరుకుతుందేమో గాని మీ కుక్కర్‌కి సరిపోయే గ్యాస్కెట్ దొరకదు. ప్లగ్గులు బ్రిటిష్ వాళ్లవి, మూడు చదరపు పుల్లలవి, అడాప్టర్లు అక్కడే కొనుక్కోవచ్చు. కరెంటు పోవడం మామూలే కాబట్టి ఒక్క మిక్సీనే నమ్ముకోకండి, చిన్న కల్వం ఒకటి పట్టుకెళ్లండి. ఛార్జింగ్ లైట్లు, పిల్లల కొలతకు రెండు సైజులు ఎక్కువ చెప్పులు, తెలుగు కథల పుస్తకాలు.

చింతపండు వద్దు. మా అత్తగారు మూడు కిలోలు కట్టి ఇచ్చారు, తీరా చూస్తే అక్కడ సరస్సు పక్క ఊళ్లలో చింతచెట్లే, "బ్వెంబా" అంటారు. కందులు కూడా పండుతాయి, వాళ్లు "నందోలో" అంటారు, మన దేశమే మలావి నుంచి ఏటా 50,000 టన్నుల కందులు కొనడానికి 2021లో ఒప్పందం చేసుకుంది, అంటే ఇక్కడ మీరు తిన్న పప్పులో కొంత అక్కడిదే అయ్యుండొచ్చు. లిలాంగ్వే ఓల్డ్ టౌన్‌లో గుజరాతీ కొట్లలో ఆవాలు, ఇంగువ, పసుపు అన్నీ ఉంటాయి. మోయాల్సిందల్లా కారం, ఆవకాయ. ఆవకాయ ఎంత పట్టుకెళ్లినా చాలదు, ఎందుకు చాలదో చివర్లో చెప్తా.

నోరు తిరగడం

భాష పేరు చిచేవా. ఇంగ్లిష్ అధికార భాష కాబట్టి పాఠం చెప్పడానికి ఇంగ్లిష్ సరిపోతుంది, మా ఆయన కూడా అలాగే అనుకున్నాడు. తరగతిలో సరిపోయింది. తరగతి అయిపోయాక చెట్టు కింద విద్యార్థులు నవ్వుకునేది చిచేవాలో, ప్రార్థన చేసేది చిచేవాలో, బాధ చెప్పుకునేది చిచేవాలో. మొదటి ఆరు నెలలు ప్రసంగాలు ఒప్పుకోవద్దని, రోజుకు నాలుగు గంటలు భాషకే కేటాయించమని నేను గట్టిగా చెప్తాను. పంపిన సంఘం "ఇంకా పని మొదలుపెట్టలేదా" అని అడుగుతుంది. ఇదే పని అని చెప్పండి.

మనకు ఒక పెద్ద లాభం ఉంది, అది ఎవరూ చెప్పరు. చిచేవా కూడా తెలుగులాగే అచ్చుతో ముగిసే భాష. బడి వాళ్లకు "సుకులు", పుస్తకం "బుకు", రొట్టె "బులెది", కారు "గలిమోతో". బస్సుకు, బుక్కుకు ఉకారం తగిలించే జాతి మనది, ఇది మనకొక లెక్కా? పక్కింట్లో ఉన్న కొరియా కుటుంబం నెలలు తరబడి తంటాలు పడ్డ చోట మా అబ్బాయి నాలుగు నెలల్లో గోళీలాటలో తిట్లు కూడా నేర్చుకొచ్చాడు. మర్యాద కూడా మన పద్ధతే. "ఇవే" అంటే నువ్వు, "ఇను" అంటే మీరు. పెద్దవాళ్లతో "ఇవే" అన్నారో అయిపోయారు. తండ్రి వయసు మనిషి "బంబో", తల్లి వయసు ఆమె "మాయి", తాతైనా అవ్వైనా "అగోగో", పాస్టర్ గారు "అబుసా". పేరు పెట్టి పిలవడం కన్నా పిల్లల పేరుతో ఫలానా వాళ్లమ్మ అనడమే గౌరవం, మన పల్లెల్లోలాగే.

కష్టమైనది మాత్రం ఉంది. నామవాచకాలకు డజనుకు పైగా వర్గాలు, "మున్తు" అంటే మనిషి, "అన్తు" అంటే మనుషులు, ముందు అక్షరం మారితే వాక్యంలో మిగతావన్నీ దాని వెనకే మారాలి. ర, ల వాళ్లకు దాదాపు ఒకటే శబ్దం, మా ఆయన పేరులో ఉన్న "ర" మొదటి వారంలోనే "ల" అయిపోయింది, ఇప్పుడు వాళ్లమ్మ ఫోన్ చేసినా ఆయనకు "ర"తో పిలిస్తే కొత్తగా ఉంటుందట.

నేను చేసిన ఘనకార్యం చెప్తా. "ఉఫా" అంటే మొక్కజొన్న పిండి. "కుఫా" అంటే చావడం. సంతలో పిండి అమ్మే ఆమె ముందు నిలబడి, రాత్రంతా వల్లె వేసిన వాక్యాన్ని నిండు ధైర్యంతో అన్నాను: "న్దికుఫున కుఫా." నాకు చావాలని ఉంది. ఆమె నా ముఖం చూసింది, నా చేతిలో సంచి చూసింది, "పేపానీ మాయి" అంది జాలిగా, అయ్యో అమ్మా అని. రెండు క్షణాలు ఆగి సంత సంతంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగానే చచ్చేదాన్ని. కానీ ఆ రోజు నుంచి ఆమె నాకు గురువు. వారం వారం వెళ్తే, పిండి కొలిచే ముందు నాతో సరిగ్గా చెప్పించేది. నాలుగు నెలలుగా మా ఆయన ఇంగ్లిష్ పాఠాలతో సంపాదించుకోని చనువు, నేను ఒక్క తప్పుతో సంపాదించా. తప్పులు మాట్లాడండి, బాగా గట్టిగా మాట్లాడండి.

ఇంకో సంగతి, పలకరింపు తొందరగా ముగించకండి. పొద్దున కలిస్తే "మ్వాద్జుకా బ్వాంజి?", ఎలా లేచారు అని. మీరు "న్దాద్జుకా బ్వినో, కాయా ఇను?", బాగా లేచాను, మరి మీరు అని. వాళ్లు బాగా లేచామని చెప్పే దాకా ఆగాలి. ఆ తర్వాతే పని మాట. నేరుగా "ఉప్పు ఉందా" అంటే మీకు పిచ్చి అనుకోరు గాని, పెంపకం లేదనుకుంటారు. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం ముందు "ఓదీ" అని కేకేసి "ఓదిని" అనేదాకా అక్కడే నిలబడాలి. ఏదైనా ఇచ్చినా, పుచ్చుకున్నా కుడిచేయి, ఎడమచేయి దానికి ఆనించి. వీటికి నాకు పాఠం అక్కర్లేకపోయింది, మా అమ్మమ్మ పెంచిన పద్ధతే.

తిండి, బట్ట

న్సిమా. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా తిప్పిన సంకటి, అంతే. కడప, అనంతపురం వాళ్లయితే మొదటి రోజే ఇంట్లో ఉన్నట్టుంటుంది, మా గుంటూరోళ్లకు కాస్త టైం పట్టింది. కుడిచేత్తో ముద్ద తీసుకుని, పక్కనున్న "న్దివో"లో అద్దుకుని తింటారు. ఆ న్దివో తోటకూర కావచ్చు, "బొనోంగ్వే" అంటారు, గుమ్మడి ఆకు కావచ్చు, ఎండు చేపలు కావచ్చు, బెండకాయ జిగురు కూర కావచ్చు. చెంచా ఇస్తారు మీరు పరదేశులని. చెంచా పక్కన పెట్టి చేత్తో తినండి, ఆ ఇంట్లో ముఖాలు ఎలా మారతాయో మీరే చూడండి. భోజనానికి ముందు ఎవరో ఒకరు, తరచుగా ఆ ఇంటి ఆడపిల్ల, చేతుల మీద నీళ్లు పోస్తుంది.

ఆడవాళ్లు నడుముకు "చితెంజే" చుట్టుకుంటారు, రెండు మీటర్ల ముతక రంగుల గుడ్డ, పల్లెలో, సంఘంలో, చావు ఇంట్లో అది లేకుండా వెళ్లకూడదు. 1990ల మొదటి దాకా అక్కడ ఆడవాళ్లు ప్యాంట్లు వేయడం చట్టరీత్యా నేరం, చట్టం పోయినా పల్లెల్లో ఆ చూపు పోలేదు. చీర కడితే గౌరవిస్తారు, కానీ చీరతో బురదలో మినీబస్సు ఎక్కి చూడండి. నేను చుడీదార్ మీద చితెంజే చుట్టుకుంటా, దుకాణం మనిషిలా ఉండకూడదు కదా. అవును, ఆ మాట చెప్పాలి. మనల్ని వాళ్లు "అమ్వెన్యే" అంటారు, ఇండియా వాళ్లు అని. అక్కడ తరతరాలుగా ఉన్న ఇండియన్లు ఎక్కువగా కొట్ల యజమానులు, కాబట్టి ఇండియన్ ముఖం కనబడగానే "బాస్" అన్న మాట దానంతట అదే వస్తుంది, ఆ మాట వెనక కొంత చేదు కూడా ఉంటుంది. మినీబస్సులో వాళ్ల పక్కన ఇరుక్కుని కూర్చున్న ఇండియన్ అమ్మ వాళ్లకు వింత. ఆ వింత పోయేదాకా ఎక్కుతూనే ఉండండి.

ఒంట్లో బాగోకపోతే

దోమతెర రోజూ, మినహాయింపు లేదు, అతిథులు వచ్చినా సరే. అక్కడి మలేరియా ఫాల్సిపారం రకం, పిల్లల్లో ఒక్క రోజులో ముదిరిపోతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి రేపు చూద్దాం అనే మన అలవాటు అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది, అదే రోజు రక్త పరీక్ష. సెలవులకు ఇండియా వచ్చాక జ్వరం వచ్చినా డాక్టరుకు "ఆఫ్రికా నుంచి వచ్చాం" అని మొదటి మాటగా చెప్పండి, లేకపోతే టైఫాయిడ్ అని మందు రాసి పంపేస్తారు, మావాడికి అదే జరగబోయింది.

బట్టలు బయట ఆరేస్తే ఇస్త్రీ చేయకుండా వేసుకోవద్దు, బనీన్లు, చిన్నపిల్లల చెడ్డీలతో సహా. ఒక రకం ఈగ తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది, పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా లేస్తుంది. కరెంటు లేని రోజుల్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె దిక్కు. సరస్సు సముద్రంలా అందంగా ఉంటుంది, పిల్లలు ఆగరు, కానీ ఒడ్డున నత్తలున్న నిలవ నీళ్లలో బిల్హార్జియా అనే పురుగు జబ్బు ఉంటుంది. దిగితే రెండు మూడు నెలలకు పరీక్ష చేయించుకోండి, మందు ఉంది, కంగారు లేదు.

పిల్లలు

ఇక్కడ నేను తప్పు చేశాను, కాబట్టి ఎక్కువ చెప్తా. అబ్బాయికి ఆరేళ్లు, వాడికి ప్లాస్టిక్ కవర్లు చుట్టి చేసిన బంతి, పది మంది పిల్లలు దొరికితే చాలు, వారంలో ఆ ఊరివాడైపోయాడు. అమ్మాయికి పదకొండు. ఆరో తరగతిలో ప్రాణంలా ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లని, కూచిపూడి క్లాసుని వదిలి వచ్చింది. మూడో నెల నుంచి మాట తగ్గించేసింది. నేనేమన్నానంటే, "దేవుని పని కోసం వచ్చాం, కాస్త సర్దుకోవాలి నాన్నా." అది విని తను ఏడవలేదు, తలూపి లోపలికెళ్లిపోయింది. చాలా రోజుల తర్వాత తన నోటుపుస్తకంలో చూశా, "దేవుడు నా స్నేహితుల్ని తీసుకున్నాడు" అని రాసుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిలుపు మాది, తనది కాదు. మా త్యాగానికి తనని బలి ఇస్తూ దాని మీద దేవుడి పేరు రాశాం.

తర్వాత చేసినవి చెప్తాను, మీరు ముందే చేయండి. తనకంటూ ఒక గది, ఆ గదికి తనే రంగు ఎంచుకుంది. వారానికి రెండు సార్లు స్నేహితురాళ్లతో వీడియో కాల్, మన దేశానికి వాళ్లకు మూడున్నర గంటల తేడా, అక్కడ నాలుగున్నర అయితే ఇక్కడ రాత్రి ఎనిమిది, సరిగ్గా సరిపోతుంది. "నాకిక్కడ ఇష్టం లేదు" అనడానికి తనకు అనుమతి ఉంది, అనగానే మేం వాక్యం చెప్పం, వింటాం. ఏటా ఒకసారి, ఇక్కడ ఉందామా వద్దా అన్న మాటలో తన మాట కూడా లెక్కలోకి వస్తుంది. ఇంకా, మీ పిల్లల కథలు మిషన్ రిపోర్టులో రాసే ముందు వాళ్లని అడగండి. ఇది రాసే ముందు నేను తనని అడిగాను, నోటుపుస్తకం మాట రాయమంది, గది రంగు మాత్రం చెప్పొద్దంది.

చదువు సంగతి. ప్రభుత్వ బడుల్లో 1994 నుంచి ప్రాథమిక విద్యకు ఫీజు లేదు, అందుకే తరగతిలో వందమంది పిల్లలుండొచ్చు, పాపం టీచర్లు ఏం చేస్తారు. అంతర్జాతీయ బడులు కేంబ్రిడ్జ్ పద్ధతిలో నడుస్తాయి, ఫీజు డాలర్లలో ఆలోచించాలి. మేం పొద్దున ఇంట్లో చదువు, సాయంత్రం ఊళ్లో ఆట అని పెట్టుకున్నాం. మీరు పదో తరగతి టైంకి తిరిగి వచ్చేట్టయితే ఏ బోర్డులో చేరాలో మూడేళ్ల ముందే చూసుకోండి. ఇంట్లో తెలుగే మాట్లాడండి. మా అబ్బాయి ఒకసారి తాతతో ఫోన్లో చిచేవా, తెలుగు కలిపి మాట్లాడేస్తే ఆయన "వీడికేమైందిరా" అని రెండు రోజులు బెంగ పెట్టుకున్నారు.

గుమ్మం దగ్గర "ఓదీ" అన్నవాళ్లకు ఏం చెప్పాలి

డిసెంబరు నుంచి మార్చి దాకా పల్లెల్లో ఆకలి నెలలు. పోయినేడు పంట అయిపోతుంది, కొత్త కంకి ఏప్రిల్‌కి గాని రాదు. అప్పుడు మీ గుమ్మం ముందు జనం వస్తారు. ఇవ్వాలా వద్దా? ఇస్తే రేపు ఇరవై మంది, ఇవ్వకపోతే రాత్రి నిద్ర పట్టదు. మొదటి ఏడాది మేం అడిగినవాళ్లకల్లా ఇచ్చాం, మూడో వారానికి చేతిలో డబ్బు లేదు, ఇద్దరు పొరుగువాళ్ల మధ్య గొడవ కూడా పెట్టాం. "గన్యూ" అని ఒక పద్ధతి ఉంది అక్కడ, రోజు కూలి పని, గడ్డి కోయడం, గుంట తవ్వడం, గోడ పూయడం లాంటిది. పని చేయించుకుని పిండి ఇస్తే పుచ్చుకున్నవాడికి తల దించుకోవాల్సిన పని ఉండదు. ముసలివాళ్లు, జబ్బు మనుషులు వస్తే సంఘ పెద్దల్ని పిలిచి, ఎవరికి ఎంత అన్నది వాళ్లనే తేల్చమనండి, ఎవరింట్లో నిజంగా పొయ్యి వెలగట్లేదో వాళ్లకు తెలుస్తుంది, మనకు తెలియదు.

జనవరి 15 సెలవు రోజు, ఎందుకో తెలుసుకోండి. జాన్ చిలెంబ్వే అని బాప్తిస్టు పాస్టర్, 1915లో ఎస్టేట్ దొరల దౌర్జన్యం మీద తిరగబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన బొమ్మ క్వాచా నోటు మీద ఉంటుంది. ఊళ్లో దొర ఒక పక్క, దేవుడు ఒక పక్క ఉన్నప్పుడు మిషనరీ ఎటు నిలబడ్డాడో అక్కడి జనానికి లెక్క ఉంది. మీరు చెప్పే ముందు ఆ లెక్క వినండి. దెడ్జా వైపు పల్లెల్లో ముసుగులు వేసుకుని గూలే వంకూలు అనే ఆచార నృత్యం ఆడేవాళ్లు దారిలో ఎదురైతే పక్కకు తప్పుకోండి, ఫోన్ తీసి ఫోటోలు కొట్టకండి, దయ్యాలని ప్రసంగాలు అసలే వద్దు. దాని గురించి అక్కడి అబుసాలే ఏం మాట్లాడాలో తేల్చుకోలేక తర్జనభర్జన పడుతుంటారు, మీరెంత.

ఫోటోలు పంపండి పాస్టరమ్మా

వాట్సాప్ ఇబ్బంది అన్నాను కదా. ఇంటి సంఘం గ్రూపులో ప్రతి ఆదివారం అదే మాట. వాళ్లకు కావాల్సిన ఫోటో ఏంటో నాకు తెలుసు, చిరిగిన చొక్కా, ముక్కు కారే బిడ్డ, పక్కన మా ఆయన బైబిలు పట్టుకుని. ఒకసారి అలాంటి ఫోటో పంపాను, ఆ నెల కానుకలు పెరిగాయి. ఆ బిడ్డ తల్లి తర్వాత నా ఫోన్లో ఆ ఫోటో చూసి, "మంచి చొక్కా వేసి తీసుకొచ్చేదాన్ని కదా, చెప్పలేదేం" అంది. అప్పట్నుంచి మాకొక నియమం, ఆ మనిషి తన ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి ఇష్టపడే ఫోటో అయితేనే పంపుతాం. కానుకలు తగ్గాయి, దాచడం ఎందుకు. నెలకోసారి ఉత్తరంలా రాసి పంపండి, పని జరగని నెల జరగలేదనే రాయండి. బాప్తిస్మాల లెక్క అడిగే సంఘం అయితే, బయల్దేరే ముందే ఆ విషయం తేల్చుకోండి.

చావు కబురు

అక్కడ దేనికి వెళ్లకపోయినా "మలిరో"కి వెళ్లాలి. చావు. ఊళ్లో ఒక మనిషి పోతే పొలం పని ఆగిపోతుంది. ఆడవాళ్లు లోపల శవం చుట్టూ నేల మీద కూర్చుంటారు, మగవాళ్లు బయట, రాత్రంతా పాటలు. మీకు భాష రాకపోయినా ఫర్వాలేదు, మాట్లాడాల్సిన పని లేదు, చితెంజే చుట్టుకుని నేల మీద కూర్చుంటే చాలు. మొదటి ఏడాది నేను పదిహేను చావులకు పోయుంటా. ఆయన వంద పాఠాలు చెప్పారు. ఊరికి మేమెవరమో తెలిసింది నా పదిహేను వల్లనే అని ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటారు.

ఇంట్లో వాళ్లకు ఏమైనా అయితే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. ఒక టికెట్ డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోండి, ఎవరు వెళ్లాలో, ఏ మనిషికైతే వెళ్లాలో మాట్లాడుకోండి. మేం మాట్లాడుకోలేదు. రెండో ఏడు ఫిబ్రవరిలో మా నాన్న పోయారు, వానలకు రోడ్డు తెగింది, పెట్రోలు బంకుల్లో స్టాక్ లేదు, మూడు రోజులకు గాని విమానం అందదు. మట్టి చేయడం ఫోన్లో చూశాను, అది కూడా మధ్యలో ఆగిపోయింది.

ఫోన్ కింద పెట్టేసరికి బయట "ఓదీ" అని వినపడింది. సంతలో పిండి అమ్మే ఆమె, వెనక పదీ పన్నెండు మంది ఆడవాళ్లు. ఎవరు చెప్పారో తెలియదు. లోపలికొచ్చి కుర్చీలు గోడకు నెట్టేసి నేల మీద కూర్చున్నారు. శవం లేని ఇంట్లో, ఎప్పుడూ చూడని మనిషి కోసం, తెల్లవార్లూ పాడారు. ఎవరో పొయ్యి వెలిగించారు, ఎవరో మా పిల్లలకు న్సిమా తిప్పి పెట్టారు. ఆకలి నెలలు అవి, ఆ పిండి ఎవరింటి డబ్బాలోంచి వచ్చిందో నేను అడగలేదు. వద్దమ్మా మేమే చూసుకుంటాం అని అనబోయి ఆగిపోయాను. మీరూ అనకండి. సహాయం చేయడానికి వచ్చామని చెప్పుకుని తిరిగే మనకు, పుచ్చుకోవడం అన్నిటికన్నా కష్టం.

సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడు సంఘంలో ప్రతివాళ్లూ ఏదో ఒకటి ఇస్తామంటారు, బట్టలు, బొమ్మలు, పాత లాప్‌టాప్‌లు. బరువు లెక్క చూసుకోండి. నా పెట్టెలో గ్యాస్కెట్ల తర్వాత చోటు ఆవకాయదే, రెండు కిలోలు ఆ పిండి అమ్మే ఆమెకే పోతుంది. మొదటిసారి ముద్దలో నంజుకుని కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చితెంజే అంచుతో తుడుచుకుని, ఇంకా ఉందా అని గిన్నె ముందుకు తోసింది.